ఫ్రెంచి పాఠంలో పైపు లేదు

ఏటిగట్టు వీధి కుళాయిలో నీళ్ళు నల్లగా రావడం మొదలైన వారానికే తూములపాడు మున్సిపాలిటీ వాళ్ళు ఫ్రెంచి మాట్లాడడం మొదలెట్టారు. ఈ రెండింటికీ సంబంధం లేదని ఆఫీసువాళ్ళు అంటారు. ఉందని గుబ్బల పోసియ్య అంటాడు. అయితే పోసియ్య మాటకి విలువేముంది. ఆరో క్లాసులో లెక్కల మేస్టారు చెవి మెలేస్తే ఆ చెవి పట్టుకునే ఇంటికొచ్చేసి, మళ్ళీ బడి మొహం చూడని మనిషి. యాభై దాటినా గోలీసోడా కొట్టుకునే బతుకుతున్నవాడు.

సోడా అంటే గ్యాసనుకుంటారు జనం. గ్యాసు కాస్తే, మిగతాదంతా నీళ్ళు. తూములపాడులో ఎక్కడ బోరు దింపినా ఉప్పునీళ్ళే పడతాయి. కుళాయి ఒక్కటే దిక్కు. ఆ కుళాయి పైపు ఎక్కడో మురుక్కాలవ అడుగున పగిలింది. అప్పట్నుంచి పోసియ్య సోడా తాగినవాడు డబ్బులిచ్చాడు కానీ, మర్నాడు రాలేదు.

"ఏటి పోసియ్యా, గోలీ నొక్కితే కాలవ లాకులెత్తినట్టుంది" అన్నాడొక లారీ డ్రైవరు. ఆ మాట అంటుకుని ఊరంతా పాకింది. బండి దగ్గర ఈగలు తప్ప ఎవరూ నిలబడడం లేదు. అవి కూడా నిమ్మకాయల మీదే వాలుతున్నాయి, సీసాల వైపు వెళ్ళడం లేదు.

ఒక సీసాడు నీళ్ళు పట్టుకుని పోసియ్య మున్సిపాలిటీకి వెళ్ళాడు. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"లోపలికెళ్తే తెలుగు మాట్లాడకూడదండి."

"మరేటి మాట్లాడాలి?"

"ఫ్రెంచండి. కొత్తగా ఆర్డరొచ్చింది."

"నీకొచ్చా?"

"నేను గేటు బయటుంటాను కదండీ. నాకు తెలుగే."

పోసియ్య దీన్ని వేళాకోళం అనుకున్నాడు. కాదు. మున్సిపాలిటీ వేళాకోళమాడదు, దానికంత తీరిక లేదు.

జరిగిందేమిటంటే, కమిషనర్ కళాధర్ గారు ఆ మధ్య ఏదో పెద్ద ఊళ్ళో ఒక సదస్సుకి వెళ్ళొచ్చారు. సదస్సులో ప్రతి కమిషనరూ లేచి, మా ఊరికి ఫలానా దేశంతో సంబంధం ఉందని చెప్పుకుంటున్నాడట. కళాధర్ గారి వంతు వచ్చేసరికి ఆయనకి పక్కూరితో కూడా సంబంధం కనపడలేదు. చిన్నబోయి తిరిగొచ్చి, రికార్డు రూము తవ్వించారు. చెదలు తిన్నది పోగా మిగిలిన ఒక కాగితంలో, పూర్వం ఒక ఫ్రెంచి వర్తకుడు పడవలో యానాం పోతూ తూములపాడు రేవులో దిగాడనీ, నీళ్ళు తాగాడనీ, బాగున్నాయన్నాడనీ ఉంది. అంతే. ఆ ఒక్క గుక్క నీళ్ళమీద ఆయన రెండు దేశాల మైత్రి కట్టేశారు. సర్క్యులర్ వెళ్ళింది:

"పౌరసేవల అంతర్జాతీయీకరణలో భాగముగా, మాట్లాడుచు నేర్చుకొనుట, సంస్కృతిలో మునుగుట అను ద్విముఖ వ్యూహముతో, కార్యాలయ ప్రాంగణమునందు సంపూర్ణ భాషా నిమజ్జనము తక్షణమే అమలుపరచవలెను. ఫ్రెంచేతర సంభాషణ వినబడినచో సదరు పౌరుని టోకెను రద్దగును."

నిమజ్జనం అనేసరికి అటెండరు, క్రేను మాట్లాడమంటారా అని అడిగాడట. అతనికి మెమో ఇచ్చారు.

ఇదంతా తెలియని పోసియ్య, నీళ్ళ సీసాతో ఫిర్యాదుల కౌంటరు ముందు నిలబడ్డాడు. కౌంటర్లో హైమవతి గారు. పోయిన నెల దాకా "ఏం కావాలి బాబూ" అని అడిగిన మనిషి. ఇప్పుడు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, గోడమీది గడియారం వైపు చూస్తూ, "బోంజూర్ మొస్యూ" అంది. ఆ తర్వాత ఇంకేదో అంది. తల్లి చనిపోయిన కబురు చెప్పేటప్పుడు కూడా గొంతు అంత వణకదు.

పోసియ్య సీసా మూత తీసి కౌంటరు మీద పెట్టాడు. వాసన తన దారిన తను వెళ్ళి హైమవతి గారిని పలకరించింది. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"నీళ్ళమ్మా" అన్నాడు పోసియ్య.

పక్కన కూర్చున్న అటెండరు బెల్లు కొట్టాడు. టోకెను రద్దయింది. హైమవతి గారు భుజాలు చెవులదాకా ఎగరేసి, కింది పెదవి ముందుకు తోసి, అరచేతులు తిరగేసి చూపించింది. అది కూడా సిలబస్సులోదేనని పోసియ్యకి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, ఈ ఆఫీసులో పాతికేళ్ళుగా చూస్తున్నదేగా అనుకుని బయటికొచ్చేశాడు.

బయట టీకొట్టు దగ్గర నీళ్ళ సెక్షను ఏ.ఈ. బాపినీడు కనిపించాడు. ఇద్దరూ ఒకే బళ్ళో చదివారు. ఒకడు ఇంజినీరు దాకా వెళ్ళాడు, ఒకడు ఇంటికొచ్చేశాడు. ఇప్పుడిద్దరూ ఒకే కొట్లో నిలబడి టీ తాగుతున్నారు కాబట్టి, చదువుకి విలువ లేదని పోసియ్య తరచూ అంటూంటాడు.

"మా ఈది పైపు పగిలిందిరా నీడూ."

"తెలుసురా. రోజూ ఆ పక్కనించే కదా వస్తాను. ముక్కుంది నాకు."

"తెలిస్తే బాగుచెయ్యొచ్చుగా."

"ఫిర్యాదు లేకుండా పారతో గడ్డి కూడా చెక్కకూడదు. లోపలికెళ్ళి ఫిర్యాదివ్వు."

"ఇత్తే బెల్లు కొట్టేరు."

బాపినీడు టీ గ్లాసు కిందపెట్టి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఒరేయ్, లోపల నన్నేమీ అడక్కు. మాకు నేర్పింది ఒకటే పాఠం. అందులో కోడి ఉంది, చేప ఉంది, ఉల్లిపాయల చారుంది. పైపు లేదు."

"అయితే ఇక్కడే రాసుకో. ఇది రోడ్డే కదా."

"ఇక్కడ రాసుకున్నది లోపల చెల్లదురా. లోపల చెల్లాలంటే ఫ్రెంచిలో ఉండాలి. ఫ్రెంచిలో ఉండాలంటే పాఠంలో ఉండాలి." బాపినీడు ఇంజినీరు కాబట్టి విషయం వరసలో చెప్పగలిగాడు.

పాఠంలో పైపు ఎందుకు లేదంటే, పాఠం చెప్పే దానయ్య గారు జన్మలో పైపు ముట్టుకోలేదు. ఫ్రెంచి బోధకుడు కావలెనని మున్సిపాలిటీ టెండరు పిలిస్తే, అందరికన్నా తక్కువకి వేసినవాడు ఆయనే. పుదుచ్చేరిలో ఒక పెద్ద హోటల్లో ముప్పయ్యేళ్ళు వడ్డించి, మోకాళ్ళు అరిగిపోయి సొంతూరు వచ్చేసిన మనిషి. అబద్ధమాడడం చేతకాదు. కమిషనర్ గారికి మొదటిరోజే చెప్పేశాడు: "అయ్యా, నాకు వడ్డించే ఫ్రెంచే వచ్చండి. టేబులు చూపించడం, ఆర్డరు తీసుకోడం, బిల్లివ్వడం. అంతేనండి."

కమిషనర్ గారు పరవశించిపోయారు. "మనకు కావలసినదీ అదే. వ్యాకరణంతో మనకు పని లేదు. సజీవ సంభాషణ, సజీవ సంస్కృతి."

ఈ మాటలు కూడా ఆయన ఆఫీసులో అనలేదు. ఆఫీసులో తెలుగు లేదు కదా. పరిపాలనా సౌలభ్యం కోసం గేటు బయట, రోడ్డు వారన, షామియానా వేయించారు. ఫ్రెంచి ఎలా అమలవుతోందో సమీక్షించే సమావేశాలన్నీ షామియానా కింద తెలుగులో జరిగేవి. వానొస్తే సమీక్ష లోపలికి మారేది, అప్పుడు అందరూ మౌనంగా కూర్చుని భుజాలెగరేసుకునేవాళ్ళు. మినిట్స్‌లో "విస్తృతముగా చర్చించడమైనది" అని రాసేవారు.

సంస్కృతి విభాగంలో మొదట్లో కొన్ని ఇబ్బందులొచ్చాయి. ఫ్రెంచివాళ్ళు కలుసుకుంటే బుగ్గకి బుగ్గ ఆనిస్తారని దానయ్య గారు చెప్పగానే సిబ్బందిలో ఆడవాళ్ళు సంతకాలు సేకరించారు. కమిషనర్ గారు సబ్ కమిటీ వేశారు. ఎవరి అరచెయ్యి వారు ఎవరి బుగ్గకి వారే ఆనించుకొనవలెనని కమిటీ తేల్చింది. దాంతో ఉదయం పదింటికి ఆఫీసుకొస్తే, అందరూ పంటినొప్పితో బాధపడుతున్నట్టు కనిపించేవారు. భోజనం చివర చీజు తినాలని దానయ్య గారంటే, చీజుకి సమీపమైన దేశీయ పదార్థం జున్ను అని ఇంకో కమిటీ తేల్చింది. ఊళ్ళో ఏ గేదె ఈనినా మున్సిపాలిటీకి తెలియజేయవలెనని దండోరా వేశారు. పాలు ఆఫీసుకి, దూడ మాత్రం యజమానికి.

మిగతా విషయాల్లో దానయ్య గారికి కష్టం కలగలేదు. ఫ్రెంచివాళ్ళు మధ్యాహ్నం రెండు గంటలు భోంచేస్తారన్నాడు. సిబ్బంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అడిగినదానికి భుజాలెగరేస్తారన్నాడు. అందరూ ఎగరేసి చూపించారు. దానయ్య గారు నోరెళ్ళబెట్టాడు. "ముప్పయ్యేళ్ళు అసలైన దొరల్ని చూశానండి. ఇంత బాగా ఎవరూ ఎగరెయ్యలేదు. మీకు నేను నేర్పేదేముంది" అన్నాడు. ఆ వాక్యాన్ని ఫ్రేము కట్టించి మెట్లపక్కన తగిలించారు.

ఫిర్యాదు ఇవ్వకుండానే ఇల్లు చేరిన పోసియ్యని చూసి పెళ్ళాం మాణిక్యం అడిగింది, "ఏటన్నారు?"

"ఫ్రెంచి నేర్చుకు రమ్మన్నారు."

మాణిక్యం నీళ్ళు వడపోస్తోంది. నాలుగు మడతల పాత చీర మీద నల్లటి గసి పేరుకుంటోంది. "ఎక్కాలకే పారిపోయొచ్చినోడివి. ఇప్పుడు ఫ్రెంచి సదువుతావేటి."

"సాయంత్రం పూట జనానికి కూడా సెబుతున్నారంట. టెంటు కింద."

"సెప్పించుకో. నోరు తిరక్కపోతే మన నీళ్ళతో పుక్కిలించు, దెబ్బకి తిరుగుద్ది."

పోసియ్య వెళ్ళాడు. షామియానా కింద ఇంకో పదిమంది ఉన్నారు. ఇంటిపన్ను పేరు మార్పుకి వచ్చినవాళ్ళూ, పుట్టిన కాగితాలకి వచ్చినవాళ్ళూ. దానయ్య గారు చేతిమీద తుండుగుడ్డ వేసుకుని, ఒంగి, పాఠం చెప్పాడు. నమస్కారం. ఎంతమందికి. కూర్చోండి. ఏం తీసుకుంటారు. ఒక కరాఫ్ మంచినీళ్ళు. కరాఫ్ అంటే మెడ సన్నంగా, అడుగు వెడల్పుగా ఉండే గాజు కూజా. ఫ్రెంచిలో నీళ్ళని "ఓ" అంటారు. అంతే, ఒక్క అక్షరం.

"మా ఈదిలో వచ్చేదానికి అదే ఎక్కువండి" అన్నాడు పోసియ్య.

క్లాసయ్యాక దానయ్య గారిని పక్కకి పిలిచాడు. "మేస్టారూ, కుళాయిలో మురుగొస్తోంది అని ఎలాగనాలండీ?"

దానయ్య గారు చాలాసేపు ఆలోచించాడు. మొహం చిన్నబోయింది. "నాకు తెలీదు పోసియ్య గారూ. హోటల్లో ఎవరన్నా బాలేదని గొడవ చేస్తే మేనేజరు వచ్చేవాడు. మమ్మల్ని పక్కకెళ్ళమనేవాడు. బాగుంది అన్న మాటే మా చెవిన పడేది. బాలేదు అన్న మాట నేర్చుకునే అవకాశం నాకు రాలేదు."

అలా మున్సిపాలిటీ మొత్తానికి ఫ్రెంచిలో 'బాలేదు' అన్న మాట లేకుండా పోయింది. ఉన్న భాషతోనే పని నడవాలి కనక నడిచింది. చంటిపిల్ల పేరు నమోదుకి వెళ్ళినవాళ్ళని ఎంతమందికి అని అడిగేవారు. ముగ్గురికి అనాలి, తల్లి, తండ్రి, పిల్ల. చావు కాగితానికి వెళ్ళినవాళ్ళు ఒక్కరికి అనాలి. ఇల్లు కట్టుకునే ప్లాన్లని పచ్చిది, సగం వేగినది, బాగా వేగినది అని మూడు రకాలుగా విడదీశారు. పచ్చివి ఏళ్ళతరబడి పక్కన పెట్టేవారు. బాగా వేగినవాటికి సంతకం పెట్టేవారు. వేయించే పద్ధతి మాత్రం ఫ్రెంచివాళ్ళది కాదు, పాతదే. కౌంటర్లు తీసేసి బల్లలేశారు, బల్లలమీద గళ్ళ గుడ్డలు. అందరికీ గట్టిగా వచ్చిన వాక్యం ఒకటుంది, పాఠంలో ఆఖరిది, బిల్లు ఇదిగో అన్నది. ఇంటిపన్ను నూటికి నూరుపాళ్ళు వసూలైంది.

ఫిర్యాదులు సున్నా. నెలాఖరుకి లెక్క చూస్తే చెత్త మీద లేదు, దీపాల మీద లేదు, కుక్కల మీద లేదు, నీళ్ళ మీద లేదు. రాష్ట్రం మొత్తం మీద ఫిర్యాదు లేని పట్టణం తూములపాడు ఒక్కటే. కమిషనర్ గారు షామియానా కింద నిలబడి పత్రికలవాళ్ళతో అన్నారు: "భాష మారితే మనస్తత్వం మారుతుంది. నా పౌరులు అసంతృప్తి అన్న భావననే అధిగమించారు."

అదే రోజు మాణిక్యాన్ని ప్రభుత్వాసుపత్రిలో చేర్పించాల్సొచ్చింది. వాంతులు, విరేచనాలు. సెలైను పెట్టారు. పక్క మంచాల్లో ఏటిగట్టు వీధివాళ్ళే, వీధిలో ఏ వరసనున్నారో వార్డులోనూ అదే వరస. డాక్టరమ్మ నీళ్ళు కాచి తాగమంది. పోసియ్య నవ్వాడు. మురుగు కాస్తే వేడి మురుగవుతుంది. అది కాయించుకున్నంత మాత్రాన తన బుద్ధి మార్చుకోదు.

సోడా బండి గొలుసేసి కట్టేశాడు. ఇంక పొద్దున్న ఆసుపత్రి, సాయంత్రం ఫ్రెంచి. మిగతావాళ్ళంతా రెండు రోజులొచ్చి మానేశారు. పోసియ్య మానలేదు. ఎప్పటికైనా ఈ పాఠంలోంచి తన నీళ్ళ దగ్గరికి ఒక సందు దొరక్కపోతుందా అని వెతుకుతూనే ఉన్నాడు. చిన్నప్పుడు పుస్తకం మీద పెట్టని కోపమంతా ఇప్పుడు పెట్టి చదివాడు. నోరు తిరిగింది. ట్రే పట్టుకుని బల్లల మధ్య నడవడం దానయ్య గారు నేర్పక్కర్లేకపోయింది, తిరునాళ్ళలో జనాన్ని తోసుకుంటూ సోడాలందించిన చెయ్యి అది.

అప్పుడొచ్చింది కమిటీ. రాజధానినుంచి ముగ్గురు. అంతర్జాతీయ సంభాషణా ప్రమాణ పత్రం ఇవ్వాలా వద్దా తేల్చడానికి. అధ్యక్షుడు భానోజీ గారని రిటైరైన పెద్ద అధికారి. ముగ్గురిలో ఎవరికీ ఫ్రెంచి రాదు. తనకి రాదని ఎవరికి వారికి తెలుసు, కానీ మిగతా ఇద్దరికి వచ్చేమోనని ఒక్కొక్కరికీ అనుమానం. అందుకని ఫ్రెంచి వినపడినప్పుడల్లా ముగ్గురూ తలాడించేవారు.

"ఒక పౌరుడు, ఒక అధికారి. సజీవ ప్రదర్శన. అదే మాకు గీటురాయి" అన్నారు భానోజీ గారు షామియానా కింద.

అధికారి కళాధర్ గారే. పౌరుడు ఎవరు? నోరు తిరిగిన పౌరుడు ఊరంతటికీ ఒక్కడే ఉన్నాడు. పోసియ్యకి నల్లకోటు, మెళ్ళో కట్టుకునే బో టై కుట్టించారు. పోసియ్య వడ్డిస్తాడు, కమిషనర్ గారు భోంచేస్తారు. పౌరుడు సేవ చేయుట, అధికారి స్వీకరించుట, ఇందులో తిరగేసిందేదో ఉందని ఒక్కరికీ తోచలేదు.

రిహార్సలులో అంతా సాఫీగా నడిచింది. కమిషనర్ గారు ఒక కరాఫ్ మంచినీళ్ళు అని అడుగుతారు. పోసియ్య వంచి పోస్తాడు. కమిషనర్ గారు తాగి, "సె త్రె బోఁ" అంటారు. చాలా బాగుంది అని. తర్వాత అందరూ గ్లాసులు తాకించి తాగాలి, అది సంస్కృతి. రిహార్సలులో మినరల్ వాటరు పోశారు. పోస్తూ పోస్తూ పోసియ్య చెయ్యి ఆగింది. వెతుకుతున్న సందు అక్కడుంది.

ప్రదర్శన రోజు పొద్దున్న ఆసుపత్రికి వెళ్ళాడు. మాణిక్యం గోడకి ఆనుకుని గంజి తాగుతోంది. ఒళ్ళో బో టై పెట్టుకుని కూర్చున్న మొగుడు చెప్పిందంతా విని, గ్లాసు దించింది.

"కమిషనర్ గారికి ఆ నీళ్ళు పోత్తావా?"

"ఆయన పంపిందే ఆయనకిత్తన్నాను. నాదేటుంది మధ్యలో."

"లోపలెడతారేమో."

"ఎడితే ఫ్రెంచిలో కేసు రాయాలి. పాఠంలో కేసు లేదు."

మాణిక్యం మిగిలిన గంజి తాగేసింది. తర్వాత, "వడకట్టకుండా పట్టు. మనం పడ్డంతా పడాలి కదా" అంది.

పోసియ్య వడకట్టలేదు. తిన్నగా ఏటిగట్టు వీధికెళ్ళి, కుళాయి కింద కరాఫ్ పెట్టి నింపాడు. నల్లకోటు మనిషి కుళాయి దగ్గర గొంతుక్కూర్చోవడం చూసి వీధిలో కుక్కలు మొరిగాయి. దారిలో బాపినీడు ఎదురై కరాఫ్ చూశాడు, వాసన పట్టాడు, పోసియ్య మొహం చూశాడు. పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

హాల్లో కమిటీ ముగ్గురూ ముందు బల్ల దగ్గర, సిబ్బంది వెనకాల బుగ్గలకి చేతులానించుకుని. కమిషనర్ గారు కూర్చున్నారు, గళ్ళ గుడ్డ ఒళ్ళో పరుచుకున్నారు. పాఠం మొదలైంది. నమస్కారం. ఎంతమందికి. ఒక్కరికి. ఏం తీసుకుంటారు. కమిషనర్ గారు చెయ్యి ఊపుతూ, కళ్ళు సగం మూసుకుని, ఒక కరాఫ్ మంచినీళ్ళు అడిగారు. ఫ్రెంచిలో ఒక్క తప్పు లేదు.

పోసియ్య ఒంగి పోశాడు. నాలుగు రోజులు నిలవుంచిన టీ రంగులో ఉన్నాయవి. అడుక్కి ఏదో నెమ్మదిగా దిగుతోంది. వాసన బల్లంతా పరుచుకుంది.

కమిషనర్ గారు గ్లాసు చూశారు. పోసియ్యని చూశారు. నోటిదాకా తెలుగు వచ్చి ఆగడం గొంతులో కనపడింది. మింగేశారు. నోరు తెరిచి ఒక్క తెలుగు ముక్క అంటే నిమజ్జనం పోయింది, పత్రం పోయింది, పేరు పోయింది. ఫ్రెంచిలో అందామంటే 'బాలేదు' లేదు. ఉన్నది ఒకటే వాక్యం.

"సీల్ వూ ప్లే" అన్నాడు పోసియ్య. దయచేసి, అని.

కళాధర్ గారు తాగారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవే ఆ బల్లమీద శుభ్రమైన నీళ్ళు. "సె త్రె బోఁ" అన్నారు.

సిబ్బంది చప్పట్లు కొట్టారు. కమిటీ కూడా కొట్టింది. అంతటితో అయిపోవాల్సింది. కానీ సంస్కృతి మిగిలుంది. పోసియ్య ట్రేలో గ్లాసులు పెట్టుకుని కమిటీ ముందుకెళ్ళాడు. ఒక్కొక్కరికీ ఒంగి పోశాడు. భానోజీ గారు గ్లాసు ఎత్తి వెలుగులో చూశారు. పక్కవాళ్ళకి ఇదేమిటో తెలుసేమో, తనకే తెలియదేమో అన్న భయం ఆయన మొహంమీద దాక్కోలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. గ్లాసు గుండ్రంగా తిప్పారు, పెద్ద పెద్ద విందుల్లో చూశారు కాబోలు. ఒక గుక్క తీసుకుని, పెదవులు చప్పరించి, తలాడించారు.

"మట్టి గుణం ఉంది" అన్నారు. కమిటీవాళ్ళకి తెలుగు మినహాయింపు ఉంది. "నిలవ చేసిన లక్షణం కూడా. సామాన్యులు ఆస్వాదించలేరు. కళాధర్ గారూ, ఇది ఎక్కడినుంచి తెప్పించారు?"

కళాధర్ గారు భుజాలెగరేశారు. వేరే ఏం చేయగలరు.

మిగతా ఇద్దరూ గబగబా తాగేశారు. ఒకాయన పూల పరిమళం కూడా తగిలిందన్నాడు. ఇంకొకాయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, చెయ్యెత్తి అద్భుతమని సైగచేశాడు. పత్రం అక్కడే ఇచ్చేశారు. కింద సిఫార్సు రాశారు: "సదరు పానీయము తూములపాడు, ఫ్రాన్సు దేశముల ఉమ్మడి వారసత్వముగా గుర్తించడమైనది. కార్యాలయ సిబ్బంది యావన్మందియు ప్రతిదినము భోజనానంతరము ఒక గ్లాసు స్వీకరించి సంప్రదాయమును పరిరక్షించవలెను. స్వీకరించునప్పటి ఛాయాచిత్రములు నెలనెలా పంపవలెను."

కమిటీ రాజధాని చేరకముందే దారిలో మూడు చోట్ల కారు ఆపించిందని డ్రైవరు చెప్పాడు. అయినా సిఫార్సు వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే తాగిందేమిటో ఒప్పుకోవాలి.

మర్నాటినుంచి అమలు. మధ్యాహ్నం జున్ను అయ్యాక, ఫొటోగ్రాఫరు నిలబడగా, కమిషనర్ గారినుంచి అటెండరు దాకా తలా ఒక గ్లాసు. పోసియ్య నల్లకోటుతో వచ్చి పోసేవాడు. ఎవరి గ్లాసులోకైనా అడుగు మడ్డి రాకపోతే కరాఫ్ ఒకసారి కలిపి మళ్ళీ పోసేవాడు. అందరూ తాగి, బాగుంది అనేవారు. రెండు గంటల భోజన విరామం పెరిగిపోయి సాయంత్రాన్ని అంటుకుంది. ఆఫీసు వెనకున్న మరుగుదొడ్ల ముందు టోకెన్ల పద్ధతి పెట్టారు. ప్రభుత్వాసుపత్రిలో ఏటిగట్టు వీధివాళ్ళు ఒక్కొక్కరే డిశ్చార్జయి వెళ్తుంటే, ఖాళీ అయిన మంచాల్లోకి మున్సిపాలిటీవాళ్ళు హోదా ప్రకారం చేరారు. హైమవతి గారి చేతికి సెలైను గుచ్చుతూ నర్సు ఏం తాగారమ్మా అని అడిగితే, ఆవిడ అలవాటుగా "సె త్రె బోఁ" అనబోయి, మొహం గోడవైపు తిప్పుకుని, "మురుగు నీళ్ళు తల్లీ" అంది. చాలాకాలానికి ఆ ఆఫీసు మనిషి నోట ఒక తెలుగు వాక్యం వచ్చింది. అది ప్రాంగణం బయట కాబట్టి నమోదు కాలేదు.

ఒక ఆదివారం తెల్లవారేసరికి ఏటిగట్టు వీధిలో పొక్లెయిను దిగింది. మురుక్కాలవ పక్కన రోడ్డు తవ్వేశారు. పాత పైపు తీసేసి కొత్త పైపు వేశారు. బాపినీడు గొడుగేసుకుని దగ్గరుండి చేయించాడు.

"ఫిర్యాదు లేకుండా గడ్డి కూడా చెక్కకూడదన్నావుగా" అన్నాడు పోసియ్య, పళ్ళు తోముకుంటూ.

"ఫిర్యాదెక్కడుంది? ఇప్పటికీ సున్నాయే. దీని పేరు వారసత్వ పరిరక్షణ పనులు. సంస్కృతి పద్దు కింద ఖర్చు రాస్తున్నారు." బాపినీడు బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. ప్యాంటు బెల్టుకి కొత్త కన్నం పొడిపించుకున్నాడు. "ఒరేయ్, ఇవాళైనా ఒక మంచి సోడా కొట్టరా."

"నీళ్ళు రానీ."

నీళ్ళు వచ్చాయి. మొదట ఎర్రగా, తర్వాత తెల్లగా, ఆ తర్వాత ఏ రంగూ లేకుండా. పానీయం రంగు మారిందేమని రాజధానినుంచి ప్రశ్న వస్తే, తగినంత కాలము నిలవయుండుటచే పరిపక్వత చెంది తేటబడినదని కమిషనర్ గారు జవాబు రాశారు. భానోజీ గారు హర్షం ప్రకటించారు.

మాణిక్యం సీసాలన్నీ బూడిదతో తోమింది. పోసియ్య గొలుసు విప్పి బండి మళ్ళీ రోడ్డెక్కించాడు. లారీ డ్రైవరు తాగి చూసి, రెండోది కూడా కొట్టమన్నాడు.

ఆ సాయంత్రం షామియానా వైపునుంచి కళాధర్ గారు నడుచుకుంటూ వచ్చారు. కారు లేదు, అటెండరు లేడు. చొక్కా ఒంటిమీద వదులుగా వేలాడుతోంది. నిమ్మకాయ సోడా అడిగారు, తెలుగులోనే. పోసియ్య గోలీ నొక్కి, ఉప్పేసి, ఇచ్చాడు. ఆయన వెంటనే తాగలేదు. సీసాని వెలుగులోకెత్తి చూశారు. వాసన చూశారు. అప్పుడు తాగారు. తాగి, సీసా బండిమీద పెట్టి, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, మెల్లిగా అడిగారు:

"నిజం చెప్పవయ్యా. ఆ రోజు నాకు పోసింది ఏమిటి?"

పోసియ్య భుజాలు చెవులదాకా ఎగరేశాడు. కింది పెదవి ముందుకు తోశాడు. రెండు అరచేతులూ తిరగేసి చూపించాడు.